నది తెచ్చు ఎరువు – కడలిలో పండు పైరు

శ్రావణ భాద్రపద మాసములలో అంతర్వేదికి వెళ్ళి, వసిష్ఠ గోదావరి సముద్రమున కలియు చోట, అన్నాచెల్లెళ్ళ గట్టు దాపున నిలిచినవారు నీటి రంగులను చూచియే యుందురు. దరిని మట్టి కలిసిన ఎర్రని వరదనీరు. అది సముద్రములోనికి మైళ్ళ కొలది చొచ్చుకొనిపోవును. పడవ మీద ముందునకు సాగిన కొలదియు ఆ ఎరుపు పలుచనై, నీరు తేటవారి, ఒకచోట ఆకుపచ్చ ఛాయ దాల్చి, ఆపైన ముదురు నీలమగును. ఎరుపు తగ్గుటకు కారణము సులభముగనే తెలియును. మట్టి అడుగునకు దిగుచున్నది. నీలమునకు కారణమును అంతే. అక్కడి నీటిలో కలిసినది స్వల్పము. ఈ రెండింటి నడుమ కనబడు పచ్చదనమెక్కడిది? అది మట్టి కాదు, ఆకాశపు నీడయును కాదు. అది పైరు.

ఈ పైరునకు వేరు లేదు, ఆకు లేదు. ఒక్కొక్క మొక్కయు ఒకే జీవకణము. సూక్ష్మదర్శినితో గాని కంటికి ఆనదు. ప్రవాహమునకు ఎదురీదు బలము లేక, నీరు ఎటు పోయిన అటు తేలిపోవుచుండును గనుక వీనిని వృక్షప్లవకములన్నారు. భూగోళము మీద ఎండను పట్టి ఆహారముగ మార్చు పనిలో సుమారు సగము వంతు ఈ సూక్ష్మజీవులదే. మిగిలిన సగము మన అడవులు, పొలములు, పచ్చికబయళ్ళు అన్నియు కలిసి చేయుచున్నవి. వృక్షప్లవకములను జంతుప్లవకములు మేయును. ఆ రెండింటిని కవ్వలు, కానగర్తలు మొదలైన చేపలు తినును. పుస్తెలమ్మియైన తినవలెనని గోదావరి జిల్లాలవారు చెప్పుకొను పులస సైతము ఈ ప్లవకములను వడగట్టి తిని పెరిగినదే. వరదకు ఎదురీది అది ధవళేశ్వరము వైపు వచ్చుటకు ముందు, సముద్రములో దాని కండ ఏర్పడినది ఈ కనబడని పచ్చిక వలననే. ఆ పచ్చిక పెరుగుట తరుగుటల మీదనే తీరమునందలి వేలకొలది యిండ్లలో పొయ్యి వెలుగుట ఆధారపడి యున్నది.

పొలమునకు ఎరువు కావలెనని రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. కడలి పైరునకును అంతే. నత్రజని, భాస్వరము, లేశమాత్రముగ ఇనుము దానికి కావలెను. పొటాషు సముద్రపు ఉప్పులో కావలసినంత యున్నది గనుక దానికి కొదువ లేదు. డయాటములను జాతికి వీనితోపాటు సిలికా కూడ కావలెను. ఇసుకకు మూలమైన ఆ పదార్థముతో అవి గాజుడబ్బీల వంటి పెంకులు కట్టుకొని వానిలో నివసించును. ఆ పెంకుల మీది చెక్కడపు పని చూచినచో మన కంసాలులు సైతము తలయూపవలసినదే.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డు 1934లో ఒక విచిత్రమును గమనించెను. వేర్వేరు మహాసముద్రముల నుండి తెచ్చిన నీటిలోను, ప్లవకముల శరీరములలోను నత్రజని, భాస్వరముల పాళ్ళు ఇంచుమించు ఒకటిగనే యున్నవి. తరువాతి పరిశీలనలతో సరిదిద్ది 1958లో ఆయన యిచ్చిన లెక్క ప్రకారము ఒక భాస్వరపు పరమాణువునకు 16 నత్రజని పరమాణువులు, 106 కర్బన పరమాణువులు. డయాటములకు సిలికా కూడ సుమారు నత్రజనితో సమానముగ కావలెను. పదిమందికి చాలు బియ్యము, ఇద్దరికి చాలు పప్పు ఉన్న యింట పప్పన్నము తినగలవారు ఇద్దరే. సముద్రములోను ఏది ముందుగ అయిపోవునో దాని యొద్దనే పెరుగుదల ఆగును. మరి మిగిలిపోయిన బియ్యము సంగతి యేమి? అసలు కథ అందులోనే యున్నది.

ఉష్ణదేశపు సముద్రములలో సాధారణముగ ముందు అయిపోవునది నత్రజని. ఇది వింతగ తోచును. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే గదా! ఆ వాయువు సముద్రపు నీటిలోను కరగి యున్నది. కాని దాని పరమాణువులు రెండేసి చొప్పున మూడు పేటల ముడి వేసికొని యుండును. ఆ ముడిని విప్పగల జీవులు చాల కొద్ది. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతకు రాగానే కలియదున్ను రైతు ఆ కొద్ది జీవుల సాయమునే పొందుచున్నాడు. ఆ మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఎరువుగ మార్చును. వరిమడిలో నిలిచిన నీటిలో నీలహరిత శైవలములు ఇదే పని చేయుచున్నవని బెంగాలు శాస్త్రజ్ఞుడు పి. కె. డే 1939లో ప్రకటించెను. దీనినే నత్రజని స్థాపన అందురు. పని కష్టమైనది. శక్తి విశేషముగ ఖర్చగును, ఇనుము కావలెను, పైగా ముడి విప్పు ఎంజైము ప్రాణవాయువు తగిలినంతనే చెడిపోవును. కనుక సిద్ధముగ నైట్రేటు దొరకు చోట ఈ జీవులు ఇతరులతో పోటీకి నిలుచుట అరుదు. నైట్రేటు అయిపోయి, భాస్వరము, ఇనుము మిగిలి యున్న చోటనే వీనికి అదను.

సముద్రములో ఈ విద్య నేర్చిన వానిలో పేరుమోసినది ట్రైకోడెస్మియము. వెంట్రుకల వంటి పోగులు కట్టలు కట్టి, నీరు నిశ్చలముగ నున్నప్పుడు పైకి తేలి, రంపపుపొట్టు చల్లినట్లు కనబడును. 1770లో ఆస్ట్రేలియా తీరమున కెప్టెన్ కుక్ ఓడలోని నావికులు దీనిని సముద్రపు రంపపుపొట్టు అనియే పిలిచిరి. 1823లో ఎర్రసముద్రపు టోర్ రేవున జర్మను శాస్త్రజ్ఞుడు ఎహ్రెన్‌బర్గు దీనిని పరిశీలించి, తరువాత పేరు పెట్టెను. ఎర్రసముద్రమునకు ఆ పేరు దీని వలననే వచ్చినదని చెప్పువారును కలరు. ఇది గాలి నత్రజనిని గ్రహించుచున్నదను సంగతి మాత్రము 1961లో, సర్గాసో సముద్రమున డగ్‌డేలు, మెంజెలు, రైథర్ అను మువ్వురు చేసిన పరీక్షల వలన తేలినది. మన తూర్పు తీరమునను ఫాల్గుణ చైత్రములలో, గాలి పడిపోయి ఎండ కాయుచున్నప్పుడు, ఈ పొట్టు తెట్టెలు కట్టుట కలదు.

నది తెచ్చు ఎరువునకును ఈ నత్రజని స్థాపనకును గల సంబంధమును చక్కగ చూపు ఉదాహరణము దక్షిణ అమెరికాలోని అమెజాను నది. ప్రపంచమునందలి నదులన్నియు సముద్రమునకు చేర్చు నీటిలో సుమారు అయిదవ వంతు ఆ యొక్క నదిదే. సెకనుకు దాదాపు 2 లక్షల ఘనపు మీటర్లు. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక అది అట్లాంటిక్ మహాసముద్రము మీద పలుచని దుప్పటి వలె పరచుకొనును. ఆ దుప్పటి విస్తరించిన మాసములలో 10 లక్షల చదరపు కిలోమీటర్లకు మించును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిపినను సుమారు 2 లక్షల 75 వేల చదరపు కిలోమీటర్లేనని జ్ఞప్తికి తెచ్చుకొనినచో దాని వైశాల్యము బోధపడును.

తీరము నుండి ఆ దుప్పటి మీదుగ ఆవలకు ప్రయాణము చేసినచో, వేర్వేరు పంటలు వేసిన పొలములను వరుసగ దాటినట్లుండును. ముఖద్వారము దగ్గర ఎరువు పుష్కలము. కాని నీరు బురద. ఎండ లోనికి దిగదు. కావున పైరు అంతంత మాత్రమే. మట్టి దిగి నీరు తేటపడిన చోట తీరపు డయాటములు ఒక్కుమ్మడిగ విజృంభించి, నది తెచ్చిన నైట్రేటును తినివేయును. అక్కడితో పంట ముగియవలసినది. ముగియదు. అమెజాను నీటిలో, ప్లవకములకు కావలసిన పాళ్ళతో పోల్చినచో, నత్రజని తక్కువ; భాస్వరము, సిలికా ఎక్కువ. నైట్రేటు అయిపోయిన పిదప కూడ ఈ రెండును మిగిలి, నీటితోపాటు వందల మైళ్ళు పోవుచున్నవి. ఇందాక చెప్పిన బియ్యము ఇదే.

అచ్చట హెమియాలస్ అను డయాటము కనబడును. దాని గాజుపెంకులో ఒక అతిథి కాపురముండును. పేరు రిచీలియా, నీలహరిత జాతికి చెందిన చిన్న పోగు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యొహానెస్ ష్మిట్ సయాము సింధుశాఖలోని డయాటములలో దీనిని చూచి 1901లో వర్ణించెను. అతిథి గాలి నత్రజనిని ఎరువుగ మార్చి ఇంటి యజమానికి పెట్టును. జీలుగ వేరునకు బుడిపె ఎట్టిదో ఈ డయాటమునకు రిచీలియా అట్టిది. నది మిగిల్చిన సిలికాతో పెంకు, నది మిగిల్చిన భాస్వరముతో పోషణ, గాలి నుండి నత్రజని, ఈ మూడును సమకూరగా, ఏమియు పండదనుకొన్న నీలిసముద్రము నడుమ మరల పైరు లేచును. 1996లో ఎడ్వర్డ్ కార్పెంటర్ బృందమువారు అట్లాంటిక్ ఉష్ణభాగమున విశాలప్రదేశమున ఇట్టి పైరును కనుగొనిరి. అజిత్ సుబ్రమణియం మొదలైనవారు 2008లో ప్రకటించిన పరిశోధన ఈ పంటల వరుసను స్పష్టపరచినది. ఇంకను దూరము పోయి, నదినీటి జాడ చెరిగిపోయిన ఉప్పునీటిలో, గాజు అక్కరలేని ట్రైకోడెస్మియము రాజ్యమేలుచుండును. వియత్నాము వద్ద మెకాంగు నది ముఖమునను ఇటువంటి వరుసయే కనబడినది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. అతిథిగ వచ్చినవాడు కాలక్రమమున ఇంటివాడగుట కూడ ప్రకృతిలో కలదు. ఒక సముద్ర శైవలములో నివసించు నత్రజని స్థాపక సూక్ష్మజీవి ఇక వేరు జీవి కాదనియు, ఆ కణమునకు ఒక అవయవముగనే మారినదనియు 2024లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానికి నైట్రోప్లాస్టు అని పేరు.

గాజుపెంకు బరువైనది. డయాటములు చచ్చినంతనే త్వరగ అడుగునకు దిగి, తాము గ్రహించిన కర్బనమును వెంట తీసికొనిపోవును. పైన తేలుచుండు ట్రైకోడెస్మియము చాలవరకు పైననే కుళ్ళిపోవును. కావున ఏ పైరు పండెనను దాని మీదనే, సముద్రము వాయుమండలపు బొగ్గుపులుసు వాయువులో ఎంతను లోతునకు చేర్చుననునదియు ఆధారపడి యున్నది. ఆండీసు కొండల రాయి అరిగి వచ్చిన సిలికా నడిసముద్రమున ఇంత పని చేయుచున్నది!

మిగిలిన బియ్యము ఎల్లప్పుడు మేలే చేయునని అనుకొనరాదు. ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్రమునకు నదులును, నగరముల మురుగును భాస్వరమును అధికముగ చేర్చినవి. వసంతమున డయాటములు నైట్రేటును తినివేయగా, మిగిలిన భాస్వరము మీద జులై, ఆగస్టు మాసములలో నీలహరిత శైవలములు తెట్టెలు కట్టును. వానిలో నోడ్యులేరియా అనునది విషము కలది. అక్కడి దేశములకు వచ్చిన చిక్కు ఇది: నత్రజనిని మాత్రమే అరికట్టినచో ఈ జీవులు దానిని గాలి నుండి తెచ్చుకొనును, భాస్వరమును మాత్రమే అరికట్టినచో ఖర్చు కాని నత్రజని ఇతర జలములకు పోయి అక్కడ పైరును పెంచును. చాలకాలము వాదములు జరిగిన పిదప, తీరదేశములు 2007లో ఒప్పుకొనిన ప్రణాళికలో రెండింటికిని పరిమితులు విధించిరి. ఆలస్యమైనను అదియే సరియైన నిర్ణయమని నా అభిప్రాయము.

ఇక మన బంగాళాఖాతము. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ, కావేరి అన్నియు కలిసి ఏటేట దీనికి చేర్చు నీరు సుమారు 1,600 ఘనపు కిలోమీటర్లు. ఇన్ని నదుల ఎరువు పడు సముద్రము అరేబియా సముద్రముకంటె సారవంతమై యుండవలెనని ఎవరికైనను తోచును. వాస్తవము దీనికి విరుద్ధము. నైరుతి ఋతుపవన కాలమున అరేబియా సముద్రము పచ్చగ పండుచుండగా, బంగాళాఖాతపు నడిభాగమున పైరు పలుచగనే యుండును. దానికి నదినీరే కారణము. వానయు వరదయు కలిసిన మంచినీరు పైన మూత వలె నిలుచును. సముద్రములో చచ్చిన జీవుల సారమంతయు లోతునకు దిగి అక్కడ పేరుకొని యుండును. గాలి నీటిని కలచినప్పుడు అది పైకి వచ్చి ఎండ తగులు పొరలోని పైరునకు అందవలెను. బంగాళాఖాతమున ఆ మూత బలమైనది గనుక గాలి దానిని చీల్చలేకున్నది. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు 2002లో ఈ సంగతిని వివరించిరి. నడిసముద్రము మట్టుకు, నది తెచ్చి యిచ్చు ఎరువుకంటె అడుగు నుండి రానీయక అది ఆపు ఎరువే ఎక్కువ.

తీరము వెంట లెక్క వేరు. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్, వసంతకాలపు గాలులు వాల్తేరు తీరమున లోతునీటిని పైకి తెచ్చుచున్నవని చూపెను, ఆచార్య పి. ఎన్. గణపతి మొదలైనవారు అచ్చటి ప్లవకములను శ్రద్ధతో పరిశీలించిరి. గోదావరి ముఖమున విశాఖపట్నపు శాస్త్రజ్ఞులు ఈ శతాబ్దమున చేసిన పరిశీలనలలో అమెజాను కథ చిన్న యెత్తున కనబడినది. వరద ముమ్మరముగ నున్నప్పుడు ఎరువు దండిగ వచ్చును గాని, బురద ఎండను ఆపును. ప్రవాహము ప్లవకములను నిలువనీయక కొట్టుకొనిపోవును. వరద తీసి నీరు నెమ్మదించిన పిదపనే పైరు లేచును. అంతర్వేది యాత్రికుడు ఆ పచ్చదనమును చిక్కగ చూడగోరినచో వరద తగ్గుముఖమున వెళ్ళవలెను.

ఇంతవరకు చెప్పినది ప్రకృతి పెట్టిన పాళ్ళ సంగతి. ఇరువదవ శతాబ్దమున మనుష్యుడు ఆ పాళ్ళను రెండు విధముల మార్చెను: నదికి ఆనకట్ట వేసి, పొలమునకు కృత్రిమపు ఎరువు వేసి. రెండును అవసరమై చేసినవే. తిండిగింజలు కావలెనని కోరినవారము మనమే.

నైలు నది వరద ప్రతి శరదృతువున మధ్యధరా సముద్రమునకు చేరగానే ఈజిప్టు తీరమున డయాటముల పైరు లేచెడిది. దానిని మేయుటకు సార్డైను చేపలు, అనగా మన కవ్వల జాతివి, గుంపులు గుంపులుగ వచ్చెడివి. 1964లో ఆస్వాను పెద్ద ఆనకట్ట నదిని ఆపినది. 1962లో సుమారు 18 వేల టన్నులు దొరకిన సార్డైను 1969 నాటికి 600 టన్నులకు పడిపోయెను. వలలు, పడవలు, చేతులు అన్నియు ఉన్నవి, చేప లేదు. ఆ తీరపు పల్లెకారుల యిండ్లలో ఆ యేండ్లు ఎట్లు గడిచినవో ఊహించుకొనవచ్చును. 1980ల చివర నుండి చేప మరల పెరిగినది. నైలు తెచ్చిన కొండమట్టి బదులు, పొలముల నుండి జారిన ఎరువును, కైరో, అలెగ్జాండ్రియా నగరముల మురుగును ఇప్పుడు సముద్రమునకు సారమిచ్చుచున్నవని పరిశోధకులు తేల్చిరి.

అమెరికాలోని మిసిసిపి నదిది ఇందుకు మారు కథ. అక్కడ నీరు ఆగలేదు, నత్రజని పెరిగినది. 1950ల నుండి శతాబ్దాంతము వరకు ఆ నదిలో నైట్రేటు సుమారు మూడింతలైనది. ఒకప్పుడు ఆ నీటిలో సిలికా నత్రజనికి నాలుగింతలుండగా, రెండును దాదాపు సమానమైనవి. ఎరువు మితిమీరి పైరు మితిమీరినది. చచ్చి అడుగునకు దిగిన పైరు కుళ్ళుచు అక్కడి ప్రాణవాయువును హరించినది. 1985 నుండి దాదాపు ప్రతి వేసవియు ఆ ప్రదేశమును కొలుచుచున్నారు. 2017లో చేపలు నిలువలేని ఆ మృతజలము 22,720 చదరపు కిలోమీటర్లకు వ్యాపించెను. మన ఉభయగోదావరి జిల్లాలను పాత హద్దులతో కలిపినను అంత వైశాల్యము లేదు. ఇట్టి చోట నత్రజని స్థాపక జీవులకు పనియే యుండదు. సిద్ధాన్నము పెట్టిన యింట పొయ్యి ఎవరు రాజవేయుదురు?

బంగాళాఖాతమున ఈ విషయము మరింత సున్నితమైనది. సుమారు 100 నుండి 400 మీటర్ల లోతున ఇక్కడ ఒక పొరలో ప్రాణవాయువు దాదాపు లేదు. పూర్తిగ లేని చోట కొన్ని సూక్ష్మజీవులు నైట్రేటును విరిచి వాయువుగ మార్చి గాలిలోనికి పంపివేయును; అనగా నత్రజని స్థాపనకు సరిగ వ్యతిరేకమైన పని. అరేబియా సముద్రమున అది పెద్దయెత్తున జరుగుచున్నది. మన వైపున జరుగకుండ ఆపుచున్నది, లీటరు నీటికి కొలది మైక్రోగ్రాముల లెక్కన మిగిలియున్న ప్రాణవాయువేనని 2017లో ప్రకటితమైన పరిశోధన వలన తెలిసినది. పై పొరలో పైరు పెరిగి, ఎక్కువగ చచ్చి దిగినచో, ఆ లేశము కూడ ఖర్చగును.

గోదావరి మీద జాయకవాడి, శ్రీరామసాగరము మొదలుకొని పెక్కు జలాశయములున్నవి. నిలిచిన నీటిలో మంచినీటి డయాటములు పెరిగి, సిలికాను తమ పెంకులలో పట్టి, అడుగున ఒండ్రుతోపాటు దిగిపోవును. కృష్ణానది సంగతి చెప్పనక్కరలేదు. 2001 నుండి 2004 వరకు కరవు సంవత్సరములలో అది సముద్రమునకు చేర్చిన నీరే దాదాపు శూన్యము. మరియొక వంక డెల్టా పొలములలో చల్లిన యూరియాలో పైరునకు అందనిదానిలో కొంత మురుగుకాలువల మీదుగ అదే సముద్రమునకు చేరుచున్నది. సిలికా తగ్గి నత్రజని పెరిగిన నీటిలోను పచ్చదనమునకు లోటుండదు. కాని గాజుపెంకుల డయాటముల వంతు తగ్గి, తోకలతో ఈదు ఇతర జాతుల వంతు పెరుగును. డయాటములను మేయు జంతుప్లవకములకును, వాని వెనుక వచ్చు కవ్వలకును మేత మారిపోవును. గట్టున నిలిచి చూచువారి కన్నులకు ఈ భేదము తెలియదు. నీటిని ముంచి తెచ్చి, సీసాలో నిలిపి, సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటిగ లెక్కించినవారికే తెలియును.